వేపమండ గడి

రోజ్ హిల్ ఆరోగ్య కేంద్రంలో నేలను ఇప్పటికీ ఫినాయిల్‌తోనే తుడుస్తారు. మెట్రో దిగి ఆ గుమ్మం ఎక్కగానే వాసన ముక్కుకు తగిలి నా వయసులోంచి అరవై ఏళ్లు జారిపోతాయి. అక్కడి బల్లలకు వెనక ఆనుకునే చెక్క లేదని నేను మూడుసార్లు రాసిచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు. పోయిన నెల ఆ బల్ల మీదే నడుం పట్టుకుని కూర్చుని ఉంటే, మెడలో బిళ్ల, చేతిలో పలకంత కంప్యూటరుతో ఒక అమ్మాయి వచ్చింది. ఎబెన్‌లోని ఏదో కంపెనీ తరఫున కుటుంబాల ఆరోగ్యం గురించి అడుగుతోందట. బిళ్ల మీద మా తెలుగువాళ్ల ఇంటిపేరే ఉంది. బడిలో నేర్చిన తెలుగులోంచి "నమస్కారమండీ" అని ఒక్క ముక్క అప్పజెప్పి, ఆ పైన మా దీవి భాష క్రియోల్లోకి దిగింది.

"తాంతీన్, పోయిన నెలలో మీ ఇంట్లో ఎవరైనా మలాద్ అయ్యారా?"

తాంతీన్ అంటే అత్త, మలాద్ అంటే జబ్బు. అరవై ఏళ్ల కిందట ఇదే ప్రశ్న, ఇదే మాటతో, మా కాంపులో ఇంటింటికీ తిరిగి నేను అడిగాను. ఆ ప్రశ్నను నా చేతికి ఇచ్చినావిడ పేరు విశాలాక్షి. ఆవిడను ఎరిగినవాళ్లు ఈ దీవిలో నాకు తెలిసి ఇంకెవరూ మిగల్లేదు. అందుకని చెప్పవలసిన పని నా మీద పడింది.

మాది గుడ్‌ల్యాండ్స్‌కు ఆవల, చెరకు తోటల మధ్య కూలీలు ఉండే ఒక ఎస్టేటు కాంపు. పెద్ద తుఫాను పాత కప్పుల్ని ఎత్తుకుపోయాక కట్టిన వరుస ఇళ్లు. స్వాతంత్ర్యానికి ఇంకా అయిదారేళ్లు ఉంది. కాంపు మొత్తానికి ఆరో తరగతి పూర్తి చేసిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ చదువుతో ఎస్టేటు ఆఫీసులో పని అడిగితే, ఆడదానికి కుర్చీ వేసే ఆచారం తమకు లేదన్నారు. సరే, కుర్చీ లేకుండా చేయగలిగిన పని మొదలుపెట్టాను. లేబర్ ఆఫీసుకు అర్జీలు రాశాను. కుళాయి గురించి, మరుగుదొడ్ల గురించి, కాంపు డిస్పెన్సరీ వారానికి రెండు పూటలే తెరవడం గురించి. మూడో అర్జీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు, నా రెండో అర్జీ కాగితంలో అక్కడి గుమాస్తా తన రొట్టె చుట్టుకుని ఉండడం కళ్లారా చూశాను. ఆయన పేరు గుర్తుంది. పోయినవాడు గనుక రాయడం లేదు. కాంపులో మాత్రం నా పేరు అర్జీల అప్పలమ్మ అయింది. పిలిచినవాళ్లందరూ నాకు గుర్తే.

విశాలాక్షి గారు ప్రభుత్వం వేసిన విచారణ సంఘంతో వచ్చారు. కాకినాడలో పుట్టి లండన్‌లో చదువుకున్న ఆర్థికశాస్త్రవేత్త. కూలివాళ్ల ఆరోగ్యానికీ, వాళ్లకు దొరికే పనికీ మధ్య ఏముందో తేల్చడం ఆవిడ పరిశోధన. తెల్ల నూలు చీర, కాళ్లకు గుడ్డ బూట్లు, చంకలో గొడుగు. పేరు ముందు డాక్టరని ఉందని తెలిసి మొదటి రోజు కాంపు సగం దగ్గుకుంటూ వరసలో నిలబడింది. అందరికంటే ముందు గౌరమ్మ పెద్దమ్మ. కాంపులో పురుడు పోయడం దగ్గర్నుంచి దిష్టి తీయడం దాకా అన్నీ ఆవిడ చేతి మీదే. తాను మందులిచ్చే డాక్టరును కానని విశాలాక్షి గారు చెబితే పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రోగం కుదర్చని దోక్తేర్ ఏం దోక్తేరమ్మా?"

"కూలి ఎందుకు పోయిందో చూసే డాక్టర్ని, పెద్దమ్మా."

"అది చూడ్డానికి లండన్ దాకా పోవాలా? మా జట్ల మీద పెత్తనం చేసే సర్దార్ మొహం చూస్తే తెలియదూ?"

ఆ తర్వాత విశాలాక్షి గారు నేరుగా మా ఇంటికి వచ్చారు. నేను కంగారుపడి, కోవెల బడిలో పంతులు గారు చెప్పిన తెలుగంతా కూడదీసుకుని "దయచేసి ఆసీనులు కండు" అన్నాను. ఆవిడ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, అయినా నవ్వే. నేను మరిచిపోని వాటి జాబితాలో అదీ ఉంది. కూర్చున్నాక సంచిలోంచి ఒక కట్ట తీశారు. అవి నా అర్జీలు.

"లేబర్ ఆఫీసులో ఇవి ఎవరూ చదివినట్టు లేదు. నేను చదివాను, పదకొండూ, నూనె మరకలున్నదాంతో సహా. నాలుగు చాలా బాగున్నాయి. మిగతావాటిలో తిట్లు ఎక్కువ, రోజులు తక్కువ."

నీలం పెన్సిల్‌తో ఆవిడ కొట్టేసిన మాటలు కనిపించాయి. దుర్మార్గుడైన సర్దార్ అన్నచోట సర్దార్ ఒక్కడే మిగిలాడు. రాతిగుండె ఆఫీసు, ఉత్త ఆఫీసు అయింది. నా కోపాన్నంతా ఇలా గీకి పారేస్తే ఇంకేం మిగిలిందని అడిగాను. "నీ కోపం చదివేవాడికి అక్కర్లేదమ్మా. ఎన్ని రోజులు, ఏ రోజులు, ఎవరికి, అది రాయి. కోపం వాడికే వస్తుంది" అన్నారు. నాకు నచ్చలేదు. కానీ పదకొండూ చదివిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. మర్నాటి నుంచి ఆవిడ దగ్గర పనికి కుదిరాను.

ఆవిడ పని తీరు నేను ఎక్కడా చూడనిది. మనిషి మాట్లాడుతుంటే కాగితం బయటికి తీసేవారు కాదు. విని, లేచి, ఇల్లు దాటి, తోట గట్టు మీద కూర్చుని రాసేవారు. రాసింది మళ్లీ వెనక్కి వెళ్లి వాళ్లకు చదివి వినిపించేవారు. ఫారాలు లండన్‌లో అచ్చయినవి. వాటిలో పట్టనివి చెబితే ఏం చేయాలని అడిగినందుకు నాకు పన్నెండు అంగుళాల చెక్క స్కేలు ఒకటి ఇచ్చారు. "గడి లేకపోతే గీత గీయి. మనిషి చెప్పింది మాత్రం పారేయకు." ఆ స్కేలు వాడవలసిన అవసరం మొదటి రెండు వారాల్లో నాకు రానేలేదు. ప్రశ్న చిన్నది. పోయిన నెలలో ఈ ఇంట్లో ఎవరు మలాద్ అయ్యారు, ఎన్నాళ్లు? ఇంటి తర్వాత ఇల్లు ఒకటే జవాబు: ఎవరూ కాలేదు. నేను సున్నాలు చుట్టుకుంటూ పోయాను. కట్ట అందిస్తూ, మావాళ్లు గట్టి పిండాలని గర్వంగా చెప్పాను. ఆవిడ సున్నాలన్నీ ఒక్కొక్కటిగా చూశారు.

అదే వారం మా ఇంట్లో ఒక గొడవ జరిగింది. అక్క నూకమ్మ, బావ, వాళ్ల పిల్లాడు, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క చెరకు కలుపు తీసే ఆడవాళ్ల జట్టులో తొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. పిల్లాడికి అమ్మవారు వచ్చిందని పదమూడు రోజులు గడప దాటలేదు. గౌరమ్మ పెద్దమ్మ వేపమండ కోసుకొచ్చి గుమ్మానికి కట్టింది. అమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాలింపు పెట్టకూడదు, మందు వేయకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు, పిల్లవాడి పక్కనుంచి తల్లి లేవకూడదు. పసుపునీళ్లు పోసి అమ్మను సాగనంపిన మర్నాడు అక్క పార భుజాన వేసుకుని జట్టు దగ్గరికి వెళ్లింది. పొద్దెక్కకముందే తిరిగి వచ్చింది. సర్దార్ అన్నమాట గుమ్మంలోనే చెప్పింది.

"ఫినీ, ఇక అయిపోయింది అన్నాడే. నా వరసకి వేరే చెయ్యి దొరికిందట. 'ఇల్లు చూసుకో నూకమ్మా, నీకు అదే బాగుంది' అన్నాడు."

ఆ మధ్యాహ్నమే పన్నెండో అర్జీ రాశాను. విశాలాక్షి గారు చెప్పినట్టు తిట్టు లేకుండా రాశాను. ఫలానా రోజు నుంచి పదమూడు రోజులు మా అక్క పనికి రాలేదని, సంజాయిషీ అడగకుండానే జట్టులోంచి తీసేశారని. ఆవిడే లేబర్ ఆఫీసులో ఇస్తానని తీసుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత గుడ్‌ల్యాండ్స్‌లో ఆవిడ బస చేసిన గదికి నన్ను పిలిపించారు. ముందు ఒక ఉత్తరం చదివి వినిపించారు. ఎస్టేటు మేనేజరు విచారణ సంఘానికి రాసింది. మేం లెక్కించిన సున్నాలు సంఘం కార్యదర్శి ద్వారా ఆయనకు చేరాయట. ఈ కాంపులో జబ్బుల్లేవని సంఘం సొంత లెక్కే చెబుతోంది, కనుక ఆడవాళ్లు పనికి రాకపోవడం ఒట్టి ఎగ్గొట్టే అలవాటు, కనుక డిస్పెన్సరీ అనవసరం, మూసేయడానికి అనుమతి ఇవ్వండి. సంఘం పది రోజుల్లో కూర్చుని తేలుస్తుంది. డిస్పెన్సరీ పోతే తర్వాతి ఆస్పత్రి కొండకు అటువైపు. చంటిపిల్లను ఎత్తుకుని అంత దూరం నడిచినవాళ్లు ఎలా తిరిగి వచ్చారో మా కాంపుకి తెలుసు.

నాకు కోపం పొంగింది. మేనేజరును ఏమనాలో వెతుక్కుంటూ ఉంటే, ఆవిడ రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టారు.

"ఇది ఎవరి రాత?"

"నాదే."

"ఇది?"

"అదీ నాదే."

"ఇందులో మీ అక్క పదమూడు రోజులు పనికి పోలేదని రాశావు. ఇందులో అదే నెల మీ ఇంట్లో జబ్బు సున్నా అని రాశావు. ఏది అబద్ధం?"

కాంపులో నన్ను నోటిదురుసుదని అన్నారు, పనిలేనిదని అన్నారు. అబద్ధాలకోరు అని ఎవరూ అనలేదు. "నేను అబద్ధం రాయను" అన్నాను.

"రాయవని తెలుసు. అందుకే అడుగుతున్నాను. పదమూడు రోజులు మీ అక్క ఏం చేసింది?"

"పిల్లాడికి అమ్మవారు వచ్చింది. వాడి దగ్గర కూర్చుంది."

ఆవిడ పెన్సిల్ కింద పెట్టారు. "ఒళ్లంతా పొక్కులా?"

"ఊఁ."

"జ్వరం?"

"ఉండదా మరి. మూడు రోజులు కళ్లు తెరవలేదు."

"మరి జబ్బు సున్నా ఎందుకు వేశావు?"

"అమ్మవారిని ఎవరైనా మలాద్ అంటారా అండీ?"

అన్నాక ఆ మాట నాకే వినిపించింది. కాంపులో వేపమండ కట్టిన గుమ్మాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. ఆ గుమ్మాల ముందు నిలబడే నేను ప్రశ్న అడిగాను. వేపాకు నా తలకు తగులుతుంటే వంగి లోపలికి చూసి, ఎవరూ మలాద్ కాలేదు కదా అని, సున్నా చుట్టాను. చెప్పినవాళ్లూ దాచలేదు, రాసిన నేనూ దాచలేదు. మా సొంత ఇంటికి కూడా చుట్టాను. మేనేజరు చేతికి ఆ ఉత్తరం రాసుకునే ధైర్యం నేనిచ్చాను.

ఇక తిట్లు పడతాయని, వాటికి జవాబు కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగారు.

"మా అమ్మమ్మ గుమ్మానికీ వేపమండ కట్టేవాళ్లు" అన్నారు. "లండన్‌లో కూర్చుని ప్రశ్న రాసేటప్పుడు ఆ గుమ్మం నాకు గుర్తు రాలేదు. తప్పు ప్రశ్నది. ప్రశ్న నాది."

నా ఎనభై ఏళ్ల జీవితంలో నాతో తప్పు తనదని చెప్పిన పెద్ద ఉద్యోగి ఆవిడొక్కరే. సిద్ధం చేసుకున్న జవాబు ఇప్పటికీ వాడకుండా అలాగే ఉంది.

ఆ రోజే ఆవిడ తన పరిశోధన ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పారు. జబ్బు పడ్డ మనిషిని లెక్కపెట్టడం అందరికీ వచ్చట. జబ్బు లేకుండానే, ఇంకొకరి జబ్బు వల్ల ఇంట్లో ఉండిపోయిన మనిషి ఏ పుస్తకంలోనూ ఉండదట. ఆస్పత్రి రిజిస్టరులో ఆమె లేదు. ఎస్టేటు హాజరు పుస్తకంలో ఆమె బద్ధకస్తురాలు. పక్కనే డిస్పెన్సరీ ఉంటే ఆమె ఎన్ని రోజులు ముందుగా పనికి పోగలదు, లేకపోతే ఎప్పుడు పని పోగొట్టుకుంటుంది, ఇదే తేల్చవలసింది. "ఇన్నేళ్లుగా నేను ఆ మనిషి కోసమే వెతుకుతున్నాను. ఆమె నా ఫారంలోనే జారిపోయింది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే కాంపుకు వెళ్లాం. మొదటి ఇంట్లోనే గౌరమ్మ పెద్దమ్మ అడ్డం వచ్చింది.

"ఏమే అప్పలమ్మా, అమ్మని కాగితం మీద రోగమని రాస్తావా? కళ్లు పోతాయి. నీ అర్జీలు సర్దార్ మీద రాసుకో, అమ్మ మీద కాదు."

డిస్పెన్సరీ మూతపడుతుందని నేను అరిచాను. పెద్దమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. అమ్మ వెళ్లాక మిగిలే దగ్గుకీ, పుసికట్టిన కళ్లకీ ఆవిడే పిల్లల్ని డిస్పెన్సరీకి తోలేది. ఆ సంగతి గుర్తు చేసినా వినలేదు. విశాలాక్షి గారు మా ఇద్దరి మధ్య గడప మీద కూర్చున్నారు.

"రోగమని ఒక్క అక్షరం రాయం, పెద్దమ్మా. ఈ నెలలో ఎన్ని గుమ్మాలకు వేపమండ కట్టారు?"

"నేను కాక ఎవరు కడతారు? మిల్లు దారిలో ఉన్నది ఒక్క చెట్టు. ప్రతి మండా నా చేత్తో కోసిందే."

"ఎప్పుడు కట్టారో, ఎప్పుడు విప్పారో గుర్తుందా?"

పెద్దమ్మకు ఆ ప్రశ్న అవమానంగా తోచింది. "కట్టిన చేతికి విప్పింది గుర్తుండదా?" అని లేచి, చీర కుచ్చెళ్లు దోపుకుని ముందు నడిచింది.

విశాలాక్షి గారు నా వైపు చూశారు. స్కేలు తీసి, ఫారం అంచున నిలువుగా గీత గీశాను. అచ్చు ఇంగ్లీషు గళ్ల పక్కన తెలుగులో 'వేపమండ' అని రాశాను. దాని పక్కన ఇంకో గడి: 'ఇంట్లో ఉండిపోయింది ఎవరు'. ముందు ఎవరి ఇల్లు రాయమంటారని అడిగాను.

"మీది."

నేను తటపటాయించాను. మా ఇంటి సున్నా కొట్టేసి, అందరూ చూస్తుండగా దిద్దుకోవడం నాకు కష్టం.

"అడిగేవాళ్ల ఇల్లు మొదటి వరసలో ఉండాలి, అప్పలమ్మా. అది చూసి అవతలివాళ్లు తలుపు తీస్తారు."

రాశాను. నూకమ్మ, పదమూడు రోజులు. తర్వాతి ఇంటి గుమ్మంలో ఆ వరస చూపించాను. ఎవరూ మలాద్ కాలేదన్న అదే మనిషి వేళ్లు మడిచి రోజులు చెప్పింది. పెద్దమ్మ ముందు నడుస్తూ, మరిచిపోయినవాళ్లకు గుర్తు చేస్తూ, "దోక్తేర్‌కి నేనే చెప్పాల్సొచ్చింది చూడు" అని వీధంతా వినిపించేలా గొణిగింది. అయిదు రోజులకు మా కాంపు అయింది. ఆ పైన విశాలాక్షి గారు లేబర్ ఆఫీసు ద్వారా ఎస్టేటు హాజరు పుస్తకం తెప్పించారు. నేను గుమ్మాల రోజులు చదివితే ఆవిడ పుస్తకంలో వేలు పెట్టి చూశారు. వేప కట్టిన రోజు పేరు తెగింది, విప్పిన మర్నాడు పేరు వచ్చింది. లేదా, అక్కలాగా, మళ్లీ రానేలేదు. ఎగ్గొట్టిన రోజులని మేనేజరు అన్నవన్నీ మా పెద్దమ్మ చేతి ముడుల్లో ఉన్నాయి.

సంఘం పోర్ట్ లూయీలో కూర్చుంది. విశాలాక్షి గారు నన్ను వెంట తీసుకెళ్లి, గదిలోకి కూడా రమ్మన్నారు. తలుపు దగ్గర బంట్రోతు మాత్రం నన్ను వరండాలో బల్ల చూపించి ఆపేశాడు. ఆ బల్లకు కూడా వెనక చెక్క లేదు. చెక్క పలకల కిటికీలోంచి లోపలి మాటలు వినిపించాయి. ఎవరో ఆ గడి పేరు అడిగారు, ఆవిడ చెట్టు పేరు చెప్పారు, పెద్దమనుషులు నవ్వారు. ఆవిడ గొంతు పెరగలేదు.

"నవ్వండి. పక్కనే మీ హాజరు పుస్తకంలోని రోజులు ఉన్నాయి. అవి కూడా చదివి నవ్వండి."

తర్వాత కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. కొన్ని వారాలకు ఉత్తర్వు వచ్చింది. డిస్పెన్సరీ ఉంటుంది, మంగళవారాలు ఒక నర్సు కాంపులో నడిచి ఇళ్లు చూస్తుంది. అక్కకు మాత్రం ఆ జట్టులో చోటు తిరిగి రాలేదు. నా పన్నెండో అర్జీకి జవాబు ఇప్పటికీ బాకీ. ఆ సర్దార్‌ను నేను క్షమించలేదు. క్షమించమని విశాలాక్షి గారు ఎన్నడూ చెప్పలేదు కూడా. ఆవిడ ఓడ ఎక్కేముందు స్కేలు తిరిగి ఇవ్వబోతే, "ఇంకా గళ్లు గీయాల్సినవి ఉంటాయి" అని నా చేతిలోనే ఉంచారు.

ఆవిడ పరిశోధన పుస్తకంగా మాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది చేరింది. వేప గడి అచ్చులో ఉంది. గౌరమ్మ పెద్దమ్మ పేరు లేకుండా, మండలు కోసిన పెద్దామె అని ఉంది. నా సంగతి వెతికితే ముందుమాట చివర ఒక వాక్యం: చదువొచ్చిన ఒక కాంపు అమ్మాయి సాయపడింది. నేను నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఎన్ని రోజులు తిరిగానో, ఎన్ని ఫారాలు నింపానో, ఎన్ని గీతలు గీశానో రాశాను. రెండు నెలలకు ఇంకో ప్రతి వచ్చింది. ఆ వాక్యాన్ని స్కేలు పెట్టి నీలం పెన్సిల్‌తో కొట్టేసి, పైన తెలుగులో నా పూర్తి పేరు రాసి ఉంది. లోపల చీటీ: "నీ అర్జీ చదివాను. ఒక్క తిట్టూ లేదు. తప్పు నాది." మిగతా ప్రతులన్నిటిలో ఆ తప్పు అలాగే ఉందని నేను మరచిపోలేదు. కానీ ఆ ఒక్క ప్రతి నా బీరువాలో ఉంది.

తర్వాత లేబర్ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే కిటికీ వెనక నాకు కుర్చీ వేశారు. పాతికేళ్లకు పైగా అక్కడే కూర్చున్నాను. ఏడుస్తూ వచ్చినవాళ్లను, అరుస్తూ వచ్చినవాళ్లను ఒకటే అడిగేదాన్ని: ముందు రోజులు చెప్పు. ఏ కాగితంలోనూ రొట్టె చుట్టుకోలేదు.

ఇంతకీ ఆ అమ్మాయి రోజ్ హిల్‌లో నా జవాబు కోసం కంప్యూటరు మీద వేలు ఎత్తిపట్టి నిలబడి ఉంది.

"మలాద్ ఎవరూ కాలేదు" అన్నాను. "ఇంకొకళ్ల కోసం పని మాని ఇంట్లో ఎవరు ఉండిపోయారో అడగవా?"

"ఆ గడి ఇందులో లేదు తాంతీన్. లేనిది కొడితే ఇది తీసుకోదు."

"కాగితం ఉందా?"

సంచిలో వెతికి, వెనక ఖాళీగా ఉన్న పాత ఫారం ఒకటి తీసింది. నా సంచిలోంచి నేను స్కేలు తీశాను. అంచులు అరిగిపోయాయి గానీ గీత ఇంకా తిన్నగానే వస్తుంది. నిలువుగా గీసి ఆ పిల్లకు ఇచ్చాను.

"ముందు ఎవరి ఇల్లు రాయాలి?" అంది, నవ్వుతూ.

"నీది. ఇవాళ మీ ఇంట్లో ఎవరు ఉండిపోయారు?"

నవ్వు ఆగింది. అటూ ఇటూ చూసి నా పక్కన కూర్చుంది.

"మా అమ్మ. మా పాపకి జ్వరం. అమ్మది బట్టల ఫ్యాక్టరీ పని. రేపు కూడా వెళ్లకపోతే వాళ్లు..."

"కారణం తర్వాత చెబుదువు" అన్నాను. "ముందు రోజులు రాయి."

అదే సమయానికి లోపల నా నంబరు పిలిచారు. దానికోసం ఆ బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. మళ్లీ పిలిచారు. ఆ పిల్ల మూడో రోజు కూడా గడిలో రాసేదాకా నేను లేవలేదు.